సువర్ణరాజు మాస్టారి జవాబులు

మా ఆయనకి చేసిన పనే మళ్ళీ చేయమంటే ఒళ్ళు మంట. పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాను. ముసునూరు దగ్గర హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. పరీక్ష పేపర్లు దిద్దుతూ ప్రతివాడికీ 'చక్కగా రాయి', 'తప్పులు చూసుకో', 'మీ నాన్నని తీసుకురా' అని రాసి రాసి విసుగెత్తి, నూజివీడు వెళ్ళి ఆ మూడింటికీ రబ్బరు స్టాంపులు చేయించుకొచ్చారు. ఇక అరుగు మీద కూర్చుని టపటపా కొట్టుకుంటూ పోవడమే. ఒకసారి హెడ్మాస్టరుగారి అబ్బాయి పేపరు మీద కూడా 'మీ నాన్నని తీసుకురా' అని పడింది. ఆ నాన్న స్కూల్లో పక్కగదిలోనే ఉంటాడాయె! పేపరు పట్టుకుని తనే వచ్చి, 'వచ్చానండీ మాస్టారూ, చెప్పండి' అని ఎదురుగా నిలబడ్డాడు. ఊరు ఊరంతా నవ్వుకుంది.

మంచి మనిషి సువర్ణరాజు మాస్టారు. ఈ మాట ముందే చెబుతున్నాను, తర్వాత నేను తిట్టేటప్పుడు మీరు మర్చిపోతారని. వాళ్ళ నాన్న జీవితమంతా ఎవరెవరివో మామిడితోటలకి కాపలా కాశాడు. కాపలా అంటే అవే చెట్ల చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరగడం. ఆ తిరుగుడు చూసే ఈయనకి చిన్నప్పుడే విసుగు పుట్టిందేమో. హాస్టల్లో ఉండి చదువుకున్నారు, ఉద్యోగం తెచ్చుకున్నారు, ఒక్కరి దగ్గరా చెయ్యి చాచలేదు, ఒక్క పిల్లాణ్ణీ కొట్టలేదు. రిటైరయ్యాక కంప్యూటరు కొనుక్కుని, తనకు తానే నేర్చుకున్నారు. అక్కడ మొదలైంది మా తద్దినం.

ఏటా మా చర్చి సంఘం ఒక గోడ క్యాలెండరు అచ్చువేస్తుంది. పైన బైబిలు వాక్యం, మధ్యలో పాస్టరు అయ్యగారి ఫోటో, అడుగున ఫోను నంబరు. నూజివీడు చుట్టుపక్కల మా వాళ్ళున్న ప్రతి ఇంట్లో అది వేలాడుతుంది. హైదరాబాదు పోయినవాళ్ళూ, కువైట్ పోయినవాళ్ళూ కూడా చుట్టచుట్టి పట్టుకుపోతారు. కొత్తగా వచ్చిన అయ్యగారికి ఆ నంబరుకి వచ్చే ఫోన్లతో అన్నం ముద్ద నోట్లోకి పోయేది కాదు. అందుకని మరుసటి ఏడు నంబరు తీయించేసి, 'మీ ప్రార్థన మనవులకు' అని ఈమెయిలు అడ్రసు వేయించారు. సంఘ కార్యదర్శి మా ఆయన. కంప్యూటరున్నదీ ఆయనకే. ఇంకేముంది, మెయిళ్ళన్నీ ఆయన నెత్తిన పడ్డాయి.

మొదట్లో ఎంత నిష్ఠగా చేశారనుకున్నారు! పొద్దుగూకే వేళకి కూర్చుని ఒక్కొక్క మెయిలూ పైకి చదివేవారు. కువైట్లో ఇంటిపని చేసే పిల్లకి జీతం ఇవ్వడం లేదు. బాపులపాడులో అన్నదమ్ములకి గట్టు తగాదా. ఎవరికో పెళ్ళయి ఇన్నేళ్ళయినా కడుపు పండలేదు. చదివాక ఇద్దరం చాప మీద మోకాళ్ళూనేవాళ్ళం. ఆయన ఆ పేరు పలికి ప్రార్థన చేసేవారు, నేను ఆమేన్ అనేదాన్ని. అప్పుడు లేచి జవాబు రాసేవారు. ఆ మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. వంగినప్పుడల్లా కిర్రుమనేవి. అయినా మానలేదు.

మెయిళ్ళు పెరిగాయి. రాసే జవాబు మాత్రం ఒకటే. 'సహోదరి ఫలానా గారికి ప్రభువు నామమున వందనములు. ఈ దినమున మేము మోకాళ్ళూని, మీ పేరు పలికి, మీ మనవి కొరకు ప్రార్థించాము. ధైర్యముగా ఉండండి.' పేరు మారుతుంది, మిగతాదంతా అదే. మా ఆయనకి పాత విసుగు తిరగబెట్టింది.

ఆ మెయిలు ప్రోగ్రాములో మాక్రో అని ఒకటి ఉంటుందట. మనం రోజూ చేసే పనిని మెట్టు మెట్టుగా ఒక్కసారి రాసిపెడితే, తర్వాత బటన్ నొక్కగానే కంప్యూటరే ఆ మెట్లన్నీ ఎక్కేస్తుందట. వీడియోలు చూసి, ఎవరో రాసిపెట్టిన కోడు తెచ్చుకుని, అందులో ఇక్కడో మాట అక్కడో మాట మార్చి, తిండీ నిద్రా మానేసి దాంతో కుస్తీ పట్టారు. అది పనిచేసిన రోజు చూడాలి ఆ సంబరం!

"సవరమ్మా! ఇటు రా, ఇటు రా, చూడు!"

పొయ్యి మీద కూర వదిలేసి వెళ్ళాను. బటన్ నొక్కారు. మెయిలు పంపినామె పేరు దానంతటదే జవాబులోకి వచ్చి కూర్చుంది. జవాబు వెళ్ళిపోయింది. ఆమె మెయిలేమో 'ప్రార్థించినవి' అనే ఫోల్డర్లోకి దూకింది.

"బానే ఉంది గానీ, మరి ప్రార్థన?" అన్నాను.

"ప్రార్థన మనం చేస్తాంగా! రాసే బాధ తప్పింది, అంతే."

కొన్నాళ్ళు ముందు ప్రార్థన, తర్వాత బటన్. ఆ తర్వాత ముందే బటన్ నొక్కేసి, ప్రార్థన రాత్రికి చూద్దాంలే అనేవారు. రాత్రికి మోకాళ్ళు నొప్పులు. మెల్లగా శనివారం అందరికీ కలిపి ఒకేసారి అన్నారు. పేర్లు పలకడం పోయింది, 'మనవులు పంపిన వారందరినీ' అనే దాంతో సరిపెట్టారు. ఆఖరికి బటన్ నొక్కడం కూడా ఎందుకని, మెయిలు రాగానే మాక్రో దానంతటదే నడిచేలా పెట్టేశారు. కంప్యూటరు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేది. మేం తోటకి వెళ్ళినా, సంతకి వెళ్ళినా, ఇంట్లో అది మోకాళ్ళూనుతూనే ఉంది.

నేనేం ఊరుకోలేదు. నా నోరు సంగతి మీకు తెలీదు.

"ఏవండీ, చెయ్యని ప్రార్థన చేశామని రాస్తే అబద్ధం కాదా?"

"అబద్ధం ఎట్టా అవుద్దే? వారానికోసారి చేస్తున్నాంగా. దేవుడికి వాళ్ళెవరో తెలీదా ఏంటి?"

"దేవుడికి తెలుసు. మీకు తెలుసా?"

పేపరు అడ్డం పెట్టుకున్నారు. చదువుకున్నవాళ్ళకి సాకులకి కరువా! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతున్నట్టే ఉంది వ్యవహారం. పైగా సంఘంలో మంచి పేరు. 'మాస్టారు ఇట్టా రాస్తే అట్టా జవాబిస్తారండీ' అని అయ్యగారు ప్రసంగంలో కూడా మెచ్చుకున్నారు. ఆ మాటకి ఈయన మొహం విప్పారింది.

ఇప్పుడు అచ్చమ్మ సంగతి చెప్పాలి. మా సంఘంలో మనిషే. మొగుడు పోయాక మామిడితోట కౌలుకి తీసుకుని, సీజన్లో విస్సన్నపేట రోడ్డు పక్కన తాటాకు పందిరి వేసుకుని రసాలు అమ్ముతుంది. బేరానికొచ్చి కాయ నొక్కి చూస్తే చాలు, 'నీ బుగ్గ అట్టా నొక్కితే ఊరుకుంటావా బాబూ? పెట్టెయ్' అంటుంది. ఎంత పెద్ద కారు దిగినవాడైనా పెట్టెయ్యాల్సిందే. కూతురు రోజా మా ఆయన దగ్గర చదువుకుంది. హైదరాబాదులో కాపురం. ఆ తల్లికి మాస్టారి మాటంటే రాతి మీద చెక్కినట్టు.

మొన్న మామిడి పూత మీదున్న రోజుల్లో అచ్చమ్మకి గుండె ఆపరేషన్ అయిందని విన్నాం. అయ్యాక విన్నాం. వెళ్ళి చూసొచ్చాం, పళ్ళిచ్చి వచ్చాం. మాస్టారి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మాట్లాడకూడదన్నారు కాబట్టి ఏమీ చెప్పలేదు. ఆ అద్దుకోవడం ఎందుకో మాకు అప్పుడు అర్థం కాలేదు.

అర్థమైంది కోత పండుగ నాడు. మా దగ్గర కోత పండుగంటే వరికంటే మామిడికే. తొలి కాయలు గంపల్లో తెచ్చి గుడిలో ప్రభువు బల్ల ముందు పెడతారు. మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. తర్వాత ఆ గంపలు వేలం వేస్తారు. ఈ వేసవి పండుగకి గుడంతా పండు వాసన. అచ్చమ్మ లేచింది. సగమైపోయింది మనిషి, గొంతు మాత్రం అదే గొంతు.

"అందరికీ వందనాలండీ. నాకు ప్రసంగాలు రావు. ఆ రోజు నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తోసుకుపోతన్నారు. నాకు భయమేసింది. తలుపు చట్రం పట్టుకున్నా. వదల్లా. 'నన్ను కొయ్యొద్దు, నేను ఇంటికి పోయి చస్తా' అన్నా. డాక్టరమ్మ కోప్పడింది, నర్సులు లాగారు. ఊహూఁ! అప్పుడు మా రోజా నా పేరు రాసి మాస్టారికి మెయిలు పెట్టింది. పెట్టిన నిమిషానికే జవాబు. ఫోను నా మొహానికి దగ్గరగా పెట్టి చదివింది. 'మోకాళ్ళూని, మీ పేరు పలికి ప్రార్థించాము' అని! ఆ అరిగిపోయిన మోకాళ్ళతో అండీ! వానొస్తే గుడి మెట్లెక్కలేని మనిషి, ఈ అచ్చమ్మ కోసం నేల మీద మోకరించాడు కదా అనుకున్నా. చెయ్యి వదిలేశా. ఆ చెయ్యి వదిలా కాబట్టే ఇవాళ మీ ముందు నిలబడ్డా."

ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అయ్యగారు హల్లెలూయా అన్నారు. గుడంతా తిరిగి మా ఆయన్ని చూసింది.

నేనూ చూశాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. ఆ రోజు మేమెక్కడున్నామో నాకు గుర్తుంది. బాపులపాడులో పెళ్ళి. ఈయన రెండోసారి బిర్యానీ వేయించుకుని, ముక్క సరిగ్గా ఉడకలేదని వడ్డించేవాణ్ణి కోప్పడుతున్నారు. అచ్చమ్మ కోసం వచ్చిన మెయిలు చదవలేదు సరికదా, వచ్చినట్టు కూడా తెలీదు. ఆ తర్వాత కూడా తెలీదు. అది 'ప్రార్థించినవి' లోకి దూకేసింది కదా, ఇంక చూసేదెవరు?

అచ్చమ్మ ఒక గంప బల్ల ముందు పెట్టి, విడిగా ఒక సంచీ తెచ్చి మాస్టారి ఒళ్ళో పెట్టింది. ఏరి ఏరి తెచ్చిన చిన్నరసాలు. ఆయన రెండు చేతులూ ఆ సంచీ మీద పెట్టుకుని వంచిన తల ఎత్తలేదు. వినయం అనుకున్నారంతా. నాకు తల కొట్టేసినట్టయింది. కట్టుకున్నవాడి సిగ్గు నాది కాకుండా పోతుందా? ఆరాధన అయ్యాక జనం మూగారు. 'మాస్టారూ, మా మనవరాలి పేరు కూడా', 'మాస్టారూ, నాకు కూడా ఆ రకంగా ఒక ప్రార్థన' అని ఒకటే గోల. ఒకామె వంగి ఆయన మోకాళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆయన వెనక్కి తగ్గి నా భుజం పట్టుకున్నారు.

"సవరమ్మా, అచ్చమ్మ దగ్గరికి పోదాం పద. నేను చెప్పెయ్యాలి."

"ఇంటికెళ్ళి అన్నం తిని..."

"అన్నం తింటే చెప్పను. నా సంగతి నాకు తెలుసు."

స్కూటరు మీద ఎండలో వెళ్ళాం. అచ్చమ్మ గుడి నుంచి నేరుగా పందిరికి వచ్చేసింది. స్టూలు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఫోను. మమ్మల్ని చూడగానే మొహం వెలిగిపోయింది.

"రండి మాస్టారూ! రా వదినా! మిమ్మల్నే తలుచుకుంటన్నా. మా రోజాకి నొప్పులొస్తన్నాయని ఇప్పుడే ఫోనొచ్చింది, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకుపోయారంట. రెండో కాన్పు, అత్తారింట్లోనే. నన్ను ప్రయాణం చెయ్యొద్దన్నారు కదా, ఈడే కూర్చున్నా. మొదటిది ఆపరేషన్ అయిందని పిల్ల భయపడి చచ్చిపోతంది. నిన్న మీకు మెయిలు పెట్టిందంటగా? వెంటనే జవాబిచ్చారంట. 'అమ్మా, మాస్టారు మోకాళ్ళేశారే, ఇంక నాకు భయం లేదు' అంది ఫోన్లో."

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నిన్న మేం ఆ కంప్యూటరు ముఖం కూడా చూడలేదు.

చెబుతారా, మింగేస్తారా అని నేను ఆయన్నే చూస్తున్నాను. ఆయన చిన్నరసాల సంచీ పక్కనున్న పళ్ళ ట్రే మీద పెట్టారు. పందిరి గుంజ పట్టుకుని, మెల్లగా ఆ గడ్డిలో మోకాళ్ళ మీదికి దిగారు. నొప్పికి మూలిగారు. అచ్చమ్మ, పాపం, రోజా కోసం ప్రార్థన అనుకుని వెంటనే నెత్తిన కొంగు కప్పుకుని కళ్ళు మూసుకుంది.

"ప్రభువా," అన్నారు మా ఆయన. గుంజ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. "ప్రభువా, ఈ అచ్చమ్మ కోసం నేను ప్రార్థన చెయ్యలేదు. ఆమె మెయిలు చదవలేదు. ఆమె ఆపరేషను బల్ల మీదుంటే నేను పెళ్ళిలో భోంచేస్తన్నాను. ఆ జవాబు నేను రాయలేదు, మిషను పంపింది. నేనే నేర్పాను దానికి. నిన్న రోజాకి పంపింది కూడా అదే. ఈ తల్లి నన్ను నమ్మి ప్రాణం అప్పజెప్పింది. నేను సిగ్గుమాలినవాణ్ణి తండ్రీ. నాకు మొహం లేదు."

ఆమేన్ నేను అనలేకపోయాను. అచ్చమ్మ అనలేదు. కళ్ళు తెరిచి ఉంది. పళ్ళ మీద ఈగలు ముసురుతుంటే తోలడం కూడా మర్చిపోయింది. రోడ్డు మీద కారు ఆపి ఎవరో, "రసాలెట్టా ఇస్తన్నారండీ?" అని అడిగాడు. గడ్డిలో మోకరించిన ముసలాయన్ని కాసేపు చూసి, అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేది. అచ్చమ్మ నోటికి జడవనివాడు ఈ రోడ్డు మీద లేడు. ఒక్కసారి ఆ నోరు విప్పి కడిగేస్తే, కడిగించుకుని ఇంటికి పోయేవాళ్ళం. ఆమె తిట్టలేదు. చిన్న గొంతుతో అడిగింది.

"నా పేరన్నా చూశారా మాస్టారూ, ఆ రోజు?"

"లేదమ్మా."

తల పంకించింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"రోజాకి ఈ మాట తెలియకూడదు. ఇప్పుడు తెలియకూడదు. అది ఆ బల్ల మీద ఉంది." ఫోను ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. "మీరు చేశామని రాశారు. చెయ్యండి. దాని పేరు పలకండి. కబురొచ్చేదాకా లేవబాకండి."

ఆయన లేవలేదు. నేనూ ఆయన పక్కన మోకరించాను. రోజా పేరు పలికారు. ఇంతకు ముందు చేసిన ప్రార్థనల్లో ఆయనకి మాటలు తడుముకునే అవసరం ఉండేది కాదు. ఇప్పుడు ఒక్కొక్క మాటా వెతుక్కుని తెచ్చుకుంటున్నట్టుంది. ఆగిపోయేవారు, మళ్ళీ ఆ పిల్ల పేరు అనేవారు. ఎండ పందిరి కిందికి జరిగింది. ఇంటి దగ్గర ఆ పెట్టె ఈపాటికి ఇంకెంతమందికి 'ప్రార్థించాము' అని పంపిందో!

బేరాలు వస్తూనే ఉన్నాయి. అచ్చమ్మ కూర్చునే తూచి ఇస్తోంది. ముసునూరు రైతు గోపాలకృష్ణ బండి ఆపి దిగాడు. మాస్టారి పాత శిష్యుడు.

"ఏంటి మాస్టారూ, ఇట్టా గడ్డిలో..."

"ప్రార్థనలో ఉన్నారు," అంది అచ్చమ్మ. "కదిలించమాక."

అతను చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని కాసేపు నిలబడ్డాడు. వెళ్ళేటప్పుడు మాస్టారికి దూరం నుంచే దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం చూసి మా ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. అచ్చమ్మ అసలు సంగతి అతనికి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అదే మాకు చెప్పుదెబ్బ.

ఆయన పెదాలు ఎండిపోయాయి. నీళ్ళు తాగమన్నాను, తల అడ్డంగా ఊపారు. ఒకసారి ముందుకి తూలి ట్రే పట్టుకుని నిలదొక్కుకున్నారు. "ఇంక చాలు అచ్చమ్మా, చచ్చిపోతారు" అని నా నోటిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అడగను? మింగేశాను.

ఎండ వాలే వేళకి ఫోను మోగింది. అచ్చమ్మ చేతిలోంచి జారి గడ్డిలో పడింది, వంగలేకపోతుంటే నేను తీసిచ్చాను. ఎత్తింది. వింది. "స్తోత్రం ప్రభువా! స్తోత్రం!" అని రోడ్డు దద్దరిల్లేలా అరిచి, గుండె పట్టుకుని ఏడ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. తర్వాత అత్తింటివాళ్ళు ఫోను రోజా చెవి దగ్గర పెట్టినట్టున్నారు, అచ్చమ్మ గొంతు తగ్గింది.

"ఏడవబాక తల్లీ, ఏడవబాక. ఆఁ? మాస్టారా?"

మా ఆయన కళ్ళు మూసుకుని తల వంచేశారు.

"ఉన్నారమ్మా. ఇక్కడే, నా దగ్గరే ఉన్నారు. పొద్దున్నించీ నీ కోసం మోకాళ్ళ మీదే ఉన్నారు."

ఫోను పెట్టేసింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, కాటా వైపు తిరిగి, మా మొహం చూడకుండానే అంది.

"ఇంక లేవండి."